వేళకు అందితేనే విద్యార్థి వేతనం
(డా. హెచ్. నరసింహయ్య గారి స్మృతిలో మంచేనహళ్ళిలో చేసిన ఉపన్యాసం)

 

నరసింహయ్య గారిని తలచుకునే సభల్లో ఆయన ఖాదీ టోపీ గురించి, హాస్టల్ గదిలోనే గడిపేసిన జీవితం గురించి, మహిమల నిగ్గు తేల్చడానికి 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయంలో వేసిన కమిటీ గురించి చెప్పుకోవడం రివాజు. అవన్నీ మీకు తెలిసినవే. ఆయన డాక్టరేట్ దాకా ఎలా వచ్చారన్నది మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు. ఈరోజు ఆ సంగతే మాట్లాడతాను. ఇప్పుడు ఆ దారిలో మన పిల్లలు నడుస్తున్నారు, కొందరు నడవలేక మధ్యలోనే ఆగిపోతున్నారు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. పేదింటి నుంచి పరిశోధనకు వెళ్ళిన బిడ్డకు ఫెలోషిప్ ఎంత వస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వస్తుందన్నది అంతకంటే ముఖ్యం. ఈ విషయంలో ఢిల్లీ చేయలేకపోతున్న పని మంచేనహళ్ళి చేయగలదు.

హోసూరు నుంచి ఒహాయో దాకా

నరసింహయ్య గారు 1920 జూన్ 6న హోసూరులో పుట్టారు. నిన్నమొన్నటి దాకా మనదీ ఆ ఊరిదీ ఒకటే తాలూకా, గౌరిబిదనూరు. వెనుకబడిన కులం, రెక్కాడితే గాని డొక్కాడని ఇల్లు. 1935లో బెంగళూరు నేషనల్ హైస్కూల్లో చేరడానికి ఊరి నుంచి నడిచే వెళ్ళారు. దాదాపు 80 కిలోమీటర్లు. మన వైపు ఈ కథ తెలియని మేష్టరు లేడు. పదిహేనేళ్ళ కుర్రవాడి పట్టుదలకు దండం పెట్టి అక్కడితో ఆపేస్తాం. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. నడిచి వెళ్ళిన ఆ కుర్రవాడికి అక్కడ పేద విద్యార్థుల వసతిగృహంలో పడుకోవడానికి చోటు, తినడానికి తిండి దొరికాయి. అవి దొరక్కపోతే ఆ 80 కిలోమీటర్లూ వెనక్కి నడవాల్సి వచ్చేది.

మరుసటి ఏడాదే, 1936లో, గాంధీజీ ఆ బడికి వస్తే ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలోకి చెప్పింది ఈ హోసూరు పిల్లవాడే. 1942లో చదువు పక్కన పెట్టి క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. 1946లో ఫిజిక్స్ ఎం.ఎస్సీ. పూర్తి చేసి, ఆ ఏడాదే నేషనల్ కాలేజీలో లెక్చరర్‌గా చేరారు. 1960లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం న్యూక్లియర్ ఫిజిక్స్‌లో ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు 40. ఎం.ఎస్సీ.కీ డాక్టరేట్‌కీ మధ్య 14 ఏళ్ళు గడిచాయి. ఆ తర్వాత ఆయన నేషనల్ కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు, 1972 నుంచి 1977 దాకా బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు, పద్మభూషణ్ అందుకున్నారు. గౌరిబిదనూరుకీ బాగేపల్లికీ కాలేజీలు తెచ్చారు. నేను చూసేది మాత్రం ఆ 14 ఏళ్ళను. అంత తెలివి ఉండి, జైలుకు వెళ్ళొచ్చినా చదువు వదలనంత పట్టు ఉండి, ఆ పట్టా చేతికొచ్చేసరికి నలభై నిండాయి. అంత పట్టు లేనివాళ్ళ మాట ఏమిటి? చదువుకోవాలంటే ప్రతి పేదవాడూ నరసింహయ్య కావాలని షరతు పెట్టడం న్యాయమా?

పరిశోధన అంటే మనకు కొత్త సంగతేమీ కాదు. గౌరిబిదనూరు దగ్గర పొలాల మధ్య బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళ భూకంప కేంద్రం 1960ల నుంచి ఉంది. ఎక్కడో దూరదేశంలో భూమి కింద బాంబు పేలినా ఇక్కడి పరికరాలు పసిగడతాయి. అటుపక్కన రేడియో టెలిస్కోపు ఉంది. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణానికి 0.45 కిలోమీటర్లు, టి ఆకారంలో 1,000 యాంటెనాలు నిలబెట్టి 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని విన్నారు. ఆ సంకేతాలతో డాక్టరేట్లు వచ్చాయి, పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. ఆ కంచె పక్కనే గొర్రెలు తోలుకుని ఎదిగిన పిల్లల్లో ఆ సంకేతాల మీద పరిశోధన చేసినవాళ్ళు ఎందరని మీరే లెక్క వేసుకోండి.

కాగితం మీద దారి ఉంది

దేశం మొత్తం మీద చూస్తే లెక్కలు బాగానే ఉన్నాయి. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2014-15లో 1.17 లక్షల మంది పిహెచ్.డి. చేస్తుంటే 2021-22 నాటికి 2.12 లక్షల మంది అయ్యారు. వాళ్ళలో ఆడపిల్లలు 0.99 లక్షలు, అంటే సగానికి కాస్త తక్కువ. ఇది చిన్న మార్పు కాదు.

పథకాలకూ కొదవ లేదు. ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం 2005-06లో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ మొదలైంది. ఇప్పుడు ఆ పేరు పోయి ఎస్సీలకు జాతీయ ఫెలోషిప్ ఏడాదికి 2,000 మందికి, ఎస్టీలకు 750 మందికి అంటున్నారు. ఓబీసీలకు 2014-15లో 300తో మొదలుపెట్టి 1,000కి పెంచారు. మైనారిటీల కోసం 2009లో వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం 2022 డిసెంబరులో ఆపేశారు. వేరే పథకాలు ఉన్నాయి కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఈ ఊళ్ళో ఉర్దూ మాట్లాడే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ఇళ్ళలో ఎం.ఎస్సీ. చదివే ఆడపిల్లకు ఆ తలుపు ఇక తెరుచుకోదు.

ఫెలోషిప్ మొత్తం కూడా తీసిపారేసేది కాదు. 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు రూ. 37,000, తర్వాతి మూడేళ్ళు రూ. 42,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఐదేళ్ళకు లెక్క వేస్తే అద్దె కాకుండానే రూ. 24,00,000. ఇంత డబ్బు ఇస్తున్నప్పుడు ఇంకేం కావాలని ఎవరైనా అడగవచ్చు. కావలసింది, ఆ డబ్బు నెలనెలా చేతికి రావడం.

ఒక నెల డబ్బు నడిచే దారి

ఆ డబ్బు ఏ దారిన నడుస్తుందో దగ్గర నుంచి చూద్దాం. నెల ఆఖరున పరిశోధక విద్యార్థి హాజరు కాగితం తీసుకుని గైడు దగ్గరికి వెళ్తాడు. గైడు సంతకం పెట్టాలి. దాన్ని విభాగం హెడ్ దగ్గరికి తీసుకెళ్ళాలి. అక్కడి నుంచి విశ్వవిద్యాలయం ఆఫీసులో ఫెలోషిప్‌లు చూసే సెక్షన్‌కు పోవాలి. అక్కడొక గుమాస్తా ఈ విద్యార్థి ఈ నెల పనిలో ఉన్నాడని కంప్యూటర్ పోర్టల్‌లో ఎక్కించాలి. ఆయన ఎక్కించినదాన్ని పై అధికారి తన లాగిన్‌తో తెరిచి సరేననాలి. అప్పుడుగానీ పైనున్న సంస్థ డబ్బు విడుదల చేయదు. గైడు సెమినార్‌కు వెళ్ళినా, హెడ్ సెలవు పెట్టినా, గుమాస్తా బదిలీ అయినా, ఆధార్‌లో పేరు ఒకలా బ్యాంకు పాసుబుక్‌లో మరోలా ఉన్నా ఆ నెల ఆగిపోయినట్టే. ఇన్ని చేతులు దాటినా పై సంస్థ దగ్గర నిధులు లేకపోతే మళ్ళీ ఆగుతుంది.

రెండేళ్ళు నిండాక రూ. 37,000 నుంచి రూ. 42,000కి మారాలంటే మరో మెట్టు. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని పని చూసి సిఫారసు చేయాలి. వాళ్ళలో ఒకరు బయటి విశ్వవిద్యాలయం నుంచి రావాలి. ఆ బయటి పెద్దమనిషికి తీరిక దొరికేదాకా విద్యార్థి ఆగాలి.

మొదటి నెలలు మరీ కష్టం. పిహెచ్.డి.లో చేరిన రోజు నుంచి ఫెలోషిప్ లెక్కలోకి వస్తుంది గానీ డబ్బు మాత్రం అవార్డు లెటరు, చేరిక రిపోర్టు, కుల పత్రం, బ్యాంకు వివరాలు అన్నీ కుదిరాకే వస్తుంది. హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్సు, చేరిక ఫీజు మాత్రం చేరిన రోజే కట్టాలి.

ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్‌ల పంపిణీ ఈమధ్య యూజీసీ చేతి నుంచి ఆయా వర్గాల జాతీయ ఆర్థికాభివృద్ధి సంస్థలకు మారింది. నిధుల చిక్కు విదేశీ చదువులకూ తప్పలేదు. 2025లో విదేశీ చదువుల ఎస్సీ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, జులైలో మొదట 40 మందికే ఉత్తరాలిచ్చారు. మిగతావాళ్ళకు నిధులుంటే చూద్దామన్నారు. సీటు వచ్చింది, పేరు జాబితాలో ఉంది, అయినా విమానం టికెట్టు కొనాలో వద్దో వాళ్ళకు అప్పుడు తెలియలేదు.

ఆగిన డబ్బు ఎప్పుడో ఒకసారి ఒకేసారి వస్తుంది, ఒక్క రూపాయి ఎగ్గొట్టరు అంటారు. నిజమే. మన ప్రాంతంలో పట్టుపురుగులు మేపేవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటి లేచిన పురుగుకు నాలుగు రోజులు ఆకు వేయకుండా ఐదో రోజు ఐదింతలు వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే

ఈ కష్టం ఈనాటిది కాదు. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ అంబేడ్కర్ గారికి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి నెలకు 11.50 పౌండ్లు చొప్పున మూడేళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చాడు. దేశ చరిత్రనే మార్చిన స్కాలర్‌షిప్ అది. అక్కడి నుంచి లండన్ వెళ్ళి చదువు కొనసాగిస్తుండగానే గడువు ముగిసింది. 1917లో పరిశోధన సగంలో వదిలి తిరిగిరావాల్సి వచ్చింది. ఓడలో వేరేగా పంపిన పుస్తకాలు యుద్ధంలో సముద్రం పాలయ్యాయి. మళ్ళీ లండన్ చేరింది 1920లో. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి దాచుకున్న డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, ఒక పార్సీ స్నేహితుడి దగ్గర అప్పు కలిస్తేగానీ ఆ ప్రయాణం సాగలేదు. అంబేడ్కర్ అంతటివాడికి మూడేళ్ళు పోయాయి.

వందేళ్ళ తర్వాత, 2016 జనవరి 17న, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గుంటూరు యువకుడు రోహిత్ వేముల మరణించాడు. ఆ మరణం వెనక ఉన్న కారణాలు పెద్దవి. వాటి మీద వాదాలు ఇంకా సాగుతున్నాయి, ఇక్కడ వాటిలోకి వెళ్ళను. అతని చివరి ఉత్తరంలోని ఒక్క సంగతి చెబుతాను. తనకు 7 నెలల ఫెలోషిప్ రావాలని, అది రూ. 1,75,000 అని, దాన్ని తన కుటుంబానికి అందేలా చూడమని, అందులోంచి ఒక స్నేహితుడి బాకీ తీర్చమని రాశాడు. 7 నెలలు ఒక పరిశోధక విద్యార్థి స్నేహితుల అప్పుతో బతికాడు. ఉన్నవాళ్ళ పిల్లలకు ఆ 7 నెలలూ ఇంటి నుంచి డబ్బు వస్తుంది. లేనివాళ్ళకు అప్పు ఇచ్చిన స్నేహితుడు కూడా తనలాంటివాడే అయివుంటాడు. ఒకరి డబ్బు ఆగితే ఇద్దరు పస్తుంటారు.

గట్టు దాటితే కులం మారుతుంది

కర్ణాటక-ఆంధ్ర సరిహద్దులోని మన తాలూకాలకు మరో చిక్కు ఉంది. ఇక్కడి నుంచి హిందూపురం ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే సంతకు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగిరావచ్చు. పెళ్ళిళ్ళు అటూ ఇటూ జరుగుతాయి, మాట ఒకటే, దేవుళ్ళు ఒకటే. రిజర్వేషన్ జాబితాలు మాత్రం వేరు. కర్ణాటకలో భోవీలు ఎస్సీలు. ఆంధ్రలో వడ్డెరలు బీసీ-ఏ. ఇక్కడ నాయక, వాల్మీకులు 1991 నుంచి ఎస్టీలు. అక్కడ మైదాన ప్రాంతంలో బోయలు బీసీ-ఏ.

కుల పత్రం మనిషి పుట్టిన రాష్ట్రాన్ని బట్టే ఉంటుంది. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు ఖాయం చేసింది ఒక తెలుగు కుర్రవాడి కేసులోనే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంతో బొంబాయి వెళ్ళిన మర్రి చంద్రశేఖరరావుకు ఆంధ్రలో ఉన్న ఎస్టీ హోదా మహారాష్ట్రలో చెల్లదని 1990లో తీర్పు వచ్చింది. కాబట్టి హిందూపురం వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన వడ్డెర అమ్మాయి భర్త ఎస్సీ అయినా తాను ఎస్సీ కోటాలో అడగకూడదు. పుట్టింటి వైపు నుంచి ఓబీసీ పత్రం, దానితోపాటు క్రీమీ లేయర్ కాదనే ధ్రువీకరణ తెచ్చుకుని ఓబీసీ ఫెలోషిప్ అడగాలి. ఈ సంగతి ముందే చెప్పేవాళ్ళుంటే ఒక ఏడాది మిగులుతుంది. చెప్పేవాళ్ళు లేకపోతే నాడకచేరి చుట్టూ, తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి చివరి తేదీ దాటాక తెలుస్తుంది.

‘ఇంకా ఎన్నేళ్ళు చదువుతావు?’

ఫెలోషిప్ కంటే ముందు ఇంకో గండం ఉంది. ఇప్పుడు చాలా ఫెలోషిప్‌లకు నెట్ పరీక్షే గుమ్మం. ఎం.ఎస్సీ. అయిపోయిన మే నెలకూ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చే రోజుకూ మధ్య ఏడాదో రెండేళ్ళో పడుతుంది. ఆ కాలంలో పిల్లవాడు ఏ హాస్టల్‌కూ చెందడు, ఏ పథకమూ అతన్ని చూడదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పరీక్షలో ఇంగ్లీషు. సాయంత్రం మల్బరీ తోటలో పని చేసి వచ్చి రాత్రి పుస్తకం తీస్తాడు. తండ్రి కోపంతో అడగడు, భయంతో అడుగుతాడు: ఇంకా ఎన్నేళ్ళు చదువుతావు? ఆడపిల్లైతే అడిగేది తండ్రి ఒక్కడే కాదు, సంబంధాలు తెచ్చేవాళ్ళందరూ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఎంతమంది ప్రైవేటు కంపెనీల్లో, బెంగళూరు కాల్ సెంటర్లలో చేరిపోయారో ఈ సభలోని మేష్టర్లకు తెలుసు.

కులాన్ని బట్టి ఫెలోషిప్ ఇస్తే ప్రతిభ ఏమవుతుందని అడిగేవాళ్ళు ఈ సభలోనూ ఉండవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇదే మైసూరు రాజ్యంలో వందేళ్ళ క్రితం దీని మీద పెద్ద చర్చ జరిగింది. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు 1918లో లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశాడు. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలతో పాటు స్కాలర్‌షిప్‌లూ పెంచమని ఆ కమిటీ 1919లో చెప్పింది. ఆ విధానం నచ్చక దివాన్ పదవి వదిలేసిన విశ్వేశ్వరయ్య గారు పుట్టింది మన పక్కనున్న ముద్దేనహళ్ళిలోనే, తెలుగు ఇంట్లోనే. ఆయన మీద గౌరవం తగ్గకుండానే ఒక మాట అంటాను. ఆ వాదంలో మిల్లర్ కమిటీ పక్షమే గెలవబట్టి కదా, తర్వాతి తరాల్లో మన ఊళ్ళ నుంచి ఇంతమంది డిగ్రీ దాకా వచ్చారు. ఇక ప్రతిభ మాట. నెట్ రాసి, కొన్ని వేలమందిలో నెగ్గి, గైడు ఒప్పుకుని, విభాగం ఇంటర్వ్యూ చేసి తీసుకున్న విద్యార్థికి ప్రతిభ లేదనడం కుదరదు. అతనికి లేనిది డబ్బు ఆగిన నెల గడుపుకునే దారి.

మన చేతిలో ఉన్న పని

తెలుగునాట ధర్మనిధులకు మంచి చరిత్ర ఉంది. రంగూన్‌లో సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని చదువులకు రాసిపోయాడు. కాకినాడలోని ఆయన ధర్మసంస్థ ఇచ్చిన మాట, మామగారు పోగు చేసిన డబ్బు తోడై యల్లాప్రగడ సుబ్బారావు గారిని అమెరికాకు పంపాయి. అక్కడ ఆయన ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ చదివి, 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. తీసుకున్నారు. కాకినాడ సంస్థ ఆయన చదువు ఖర్చంతా మోయలేదు. కదలడానికి కావలసిన ధైర్యం ఇచ్చింది. ఊరి నిధి చేయగలిగింది అదే, చేయవలసిందీ అదే.

మంచేనహళ్ళిలో ఒక ఫెలోషిప్ పెడదామని కొందరు పెద్దలు అంటున్నారు. నేను వద్దంటున్నాను. ఒక్క విద్యార్థికి ఐదేళ్ళు పూర్తి ఫెలోషిప్ ఇవ్వాలంటే రూ. 24,00,000 కావాలని ముందే లెక్క వేశాం. ఆ డబ్బు ఇవ్వడం ప్రభుత్వం పని, ఇవ్వకపోతే అడగడం మన పని. ఊరి నిధి ఆ డబ్బు ఆగిన నెలలకు అడ్డం పడాలి. ఒక విద్యార్థికి నెలకు రూ. 15,000 చొప్పున 6 నెలలు ఇస్తే రూ. 90,000. ఒకేసారి 10 మందికి ఇవ్వాలన్నా రూ. 9,00,000 చాలు. పాత బాకీ ఒక్కసారిగా వచ్చిన రోజు విద్యార్థి వడ్డీ లేకుండా తిరిగి కడతాడు. ఆ డబ్బు మరొకరికి వెళ్తుంది. ఖర్చయిపోయే నిధి కాదిది, తిరిగే నిధి.

దీనికి నియమాలు ఐదైతే చాలు. విభాగం నుంచి చేరిక ఉత్తరం తెస్తే చాలు, జామీను అడగకూడదు. నెల 5వ తారీఖు దాటకుండా ఖాతాలో పడాలి. నెట్‌కు చదివే ఏడాదిలో ఫీజుకూ, ఇంటర్వ్యూ ప్రయాణానికీ, మొదటి హాస్టల్ డిపాజిట్‌కూ ఇచ్చేది తిరిగి అడగకూడదు. కుల పత్రం, ఆదాయ పత్రం, సరిహద్దు చిక్కులు తెలిసిన ఒక రిటైర్డ్ మేష్టరు వారానికి ఒక సాయంత్రం ఈ హాల్లో కూర్చోవాలి. నిర్ణయించే కమిటీలో పరిశోధన చేసిన ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. ఏ అమ్మాయికి ఏ నెలలో ఏ ఒత్తిడి వస్తుందో ఆమెకే తెలుస్తుంది.

శిలాఫలకం మీద దాతల పేర్లు చెక్కించుకోండి, అభ్యంతరం లేదు. అయితే వచ్చే ఏడాది ఇదే సభలో ఉపన్యాసం మొదలుపెట్టే ముందు ఒక లెక్క చదవండి. ఈ ఏడాది ఎంతమంది అడిగారు, ఎంతమందికి ఇచ్చాం, అడిగిన తారీఖుకూ అందిన తారీఖుకూ మధ్య ఎన్ని రోజులు పట్టింది. ఆ మూడో అంకె పదికి మించితే మనమూ ఢిల్లీ ఆఫీసులాగే తయారయ్యామని అర్థం. మించకపోతే, ఆ ఏడాది వక్త నాకన్నా తక్కువ మాట్లాడినా సరిపోతుంది.